ఫొటోలో కనిపించని తేడా.. పెళ్లి పందిట్లో తెలిసిపోతుంది! కెనాన్ 5డీ మార్క్ 2, మార్క్ 4లలో ఏది కొనాలి?

సెకండ్ హ్యాండ్ కెమెరా కోసం వెతికే వాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. ఒకపక్క కెనాన్ 5డీ మార్క్ 2. మరోపక్క అదే కుటుంబంలో ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన 5డీ మార్క్ 4. రెండూ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లే. రెండింటికీ అవే లెన్సులు పడతాయి. బ్యాటరీ కూడా ఒకే రకం. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లాగే ఉంటాయి. ధరలో మాత్రం పొంతనే లేదు. పాతది ఇప్పుడు ఓ మామూలు స్మార్ట్‌ఫోన్ రేటుకే దొరుకుతుంటే.. కొత్తదానికి అంతకు కొన్ని రెట్లు పెట్టాలి. ఊళ్లో చిన్న స్టూడియో పెట్టుకుందామని అప్పు చేసి కొనేవాళ్లకు ఆ తేడా చిన్నదేం కాదు. మరి ఆ ఎక్కువ డబ్బుకు మనకు వచ్చేదేంటి?

నిజం చెప్పాలంటే.. మంచి వెలుతురులో, మనిషిని కదలకుండా నిలబెట్టి తీసిన ఫొటో అయితే ఏది ఏ కెమెరాదో ఫోన్‌లో చూసి చెప్పడం చాలామంది వల్ల కాదు. ఈ పేజీ చదువుతున్న మీ ఫోన్ స్క్రీన్‌నే తీసుకోండి. 1080 బై 2400 పిక్సెళ్ల స్క్రీన్ అంటే మొత్తం కలిపితే దాదాపు 26 లక్షల పిక్సెళ్లు. అంటే 2.6 మెగాపిక్సెళ్లే. పాత మార్క్ 2 ఇచ్చేది 21.1 మెగాపిక్సెళ్లు. మార్క్ 4 ఇచ్చేది 30.4. రెండూ ఆ స్క్రీన్‌కు ఎన్నో రెట్లు ఎక్కువే. కాబట్టి అదనంగా పెట్టే డబ్బు ఫొటో అందం కోసం అనుకుంటే పొరపాటు. ఆ క్షణం మన చేతికి చిక్కడానికి, చిక్కింది పోకుండా ఉండటానికి పెట్టే డబ్బు అది. అసలు పోటీ అక్కడే ఉంది.

వీడియోను మలుపు తిప్పింది పాతదే!

మార్క్ 2ను కెనాన్ ప్రకటించింది 2008 సెప్టెంబర్ 17న. అంతకుముందు 2005లో వచ్చిన తొలి 5డీలో అసలు వీడియోనే లేదు. 2008 ఆగస్టులో నికాన్ డీ90 వీడియో తీసే తొలి డీఎస్ఎల్ఆర్‌గా వచ్చినా, అది 720పీ దగ్గరే ఆగింది. ఫుల్ హెచ్‌డీ, అంటే 1080పీ వీడియో తీసిన తొలి డీఎస్ఎల్ఆర్ మార్క్ 2నే. అమెరికాలో అప్పుడు బాడీ ధర 2,699 డాలర్లు. సినిమా కెమెరాల ధరలతో పోలిస్తే ఇది ఏ మూలకూ రాదు. అయినా ముఖం పదునుగా ఉండి వెనకంతా మెత్తగా కరిగిపోయే ఆ 'సినిమా లుక్' వచ్చేసింది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ పెద్దది కావడమే అందుకు కారణం.

ఫొటోగ్రాఫర్ విన్సెంట్ లాఫోరే ఇంకా మార్కెట్లోకి రాని మార్క్ 2తో న్యూయార్క్‌లో ఓ వీకెండ్‌లో 'రెవరీ' అనే షార్ట్ ఫిల్మ్ తీస్తే.. అది ఇంటర్నెట్‌లో సంచలనమైంది. 2010 మేలో అమెరికా టీవీ సిరీస్ 'హౌస్' ఆరో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌ను ఈ కెమెరాతోనే షూట్ చేశారు. మన దగ్గర కూడా ఆ గాలి బలంగానే వీచింది. 2011లో రామ్‌గోపాల్ వర్మ రవితేజతో 'దొంగల ముఠా' సినిమాను కెనాన్ 5డీ కెమెరాలతో, చాలా చిన్న యూనిట్‌తో, ఐదు రోజుల్లో చుట్టేశారు. సినిమా ఎలా ఉందన్నది వేరే చర్చ. భుజాన వేసుకుని తిరిగే కెమెరాతో థియేటర్ సినిమా తీయొచ్చన్న ధైర్యం మాత్రం ఎంతోమంది షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్లకు వచ్చింది అప్పుడే.

అంత పేరున్న కెమెరా కాబట్టే ఇప్పటికీ 'మార్క్ 2 చాలు బ్రో' అనేవాళ్లు కనిపిస్తారు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఎక్కడిదాకానో చూద్దాం.

ఆల్బమ్‌కు సరిపోతుందా?

సరిపోతుంది. లెక్క చూడండి. మార్క్ 2 ఫొటో సైజు 5616 బై 3744 పిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ వేస్తే సుమారు 18.7 బై 12.5 అంగుళాలు వస్తుంది. మన పెళ్లి ఆల్బమ్‌లలో బాగా నడిచే సైజు 12 బై 36. తెరిచి పెడితే ఒక్కో వైపు 12 బై 18. అంటే ఒక పేజీ నిండా ఒకే ఫొటో వేసినా మార్క్ 2 సరిగ్గా సరిపోతుంది. కాకపోతే ఎడిటింగ్‌లో కత్తిరించుకునే వెసులుబాటు మాత్రం పెద్దగా ఉండదు. మార్క్ 4లో 6720 బై 4480 పిక్సెళ్లు. అంటే 22.4 బై 14.9 అంగుళాలు. దూరం నుంచి తీసి, చుట్టూ ఉన్న చెత్తంతా కత్తిరించినా ఇంకా పేజీకి సరిపడా మిగులుతుంది.

అయితే దీనికీ ఓ ఖర్చుంది. మార్క్ 2 రా ఫైల్ సుమారు 26 ఎంబీ ఉంటే.. మార్క్ 4ది సుమారు 37 ఎంబీ. పెళ్లికి 2,000 రా ఫొటోలు తీసే వాళ్లకు 52 జీబీ కాస్తా 74 జీబీ అవుతుంది. పాత కంప్యూటర్ మీద ఎడిట్ చేసేవాళ్లకు ఈ తేడా రెండో రోజే తెలిసిపోతుంది. హార్డ్ డిస్క్ ఖర్చు కూడా కెమెరా ఖర్చులోనే కలిపి చూసుకోవాలి.

మార్క్ 4లో 'డ్యుయల్ పిక్సెల్ రా' అని ఇంకో ఆప్షన్ ఉంది. దానివల్ల ఫైల్ సైజు దాదాపు రెట్టింపవుతుంది. తీశాక ఫోకస్‌ను ఓ వెంట్రుకవాసి జరుపుకోవచ్చన్నది దాని ఉద్దేశం. ప్రకటనల్లో గొప్పగా చెప్పారు కానీ.. పనిలో దాని ఉపయోగం అంతంతమాత్రమే. ఆఫ్ చేసి పెట్టుకోండి.

అడ్డుతెర తీసే క్షణం.. ఫోకస్ ఎక్కడుంది?

రెండు కెమెరాల మధ్య అసలు అగాధం ఇక్కడే. మార్క్ 2లో కనిపించే ఫోకస్ పాయింట్లు 9. వాటికి తోడు బయటికి కనిపించకుండా సాయం చేసేవి మరో 6. ఇందులో క్రాస్ టైప్ పాయింట్ ఒక్కటే. అదీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. క్రాస్ టైప్ అంటే నిలువు గీతనూ అడ్డ గీతనూ రెండింటినీ పట్టుకోగలిగేది. మిగతావి ఏదో ఒక దిక్కు గీతలనే బాగా పట్టుకుంటాయి. అందుకే మార్క్ 2 వాడిన వాళ్లలో చాలామంది మధ్య పాయింట్‌నే నమ్ముకుంటారు. ముందు కంటి మీద ఫోకస్ లాక్ చేసి, తర్వాత కెమెరాను పక్కకు తిప్పి ఫ్రేమ్ సరిచేసుకుంటారు.

మామూలు ఎపర్చర్‌లో ఆ పద్ధతి నడిచిపోతుంది. ఎఫ్ 1.4 లేదా 1.8 దగ్గర మాత్రం నడవదు. అక్కడ ఫోకస్‌లో ఉండే మందం కొద్ది సెంటీమీటర్లే. కెమెరా కాస్త తిప్పినా, పెళ్లికూతురు కాస్త ముందుకు వంగినా, కన్ను పోయి చెవి జుకా మీద పదును కూర్చుంటుంది. కెమెరా వెనక చిన్న స్క్రీన్ మీద అది కనపడదు. ఇంటికెళ్లి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసినప్పుడు కనపడుతుంది. అప్పటికి అప్పగింతలు కూడా అయిపోయి ఉంటాయి.

మార్క్ 4లో 61 పాయింట్లు. లెన్స్‌ను బట్టి వాటిలో 41 వరకు క్రాస్ టైప్‌గా పనిచేస్తాయి. ఫ్రేమ్‌లో ముఖం ఎక్కడుంటే అక్కడి పాయింట్‌నే ఎంచుకోవచ్చు. కెమెరా తిప్పే పనే ఉండదు. పైగా వెలుతురు కొలిచే సెన్సర్‌కు 1.5 లక్షల పిక్సెళ్లు ఉండటంతో వ్యూఫైండర్‌లోంచి చూస్తున్నప్పుడే అది ముఖాలను గుర్తుపడుతుంది. మనిషి కదులుతుంటే పాయింట్లు కూడా వెంటే నడుస్తాయి. పెళ్లికొడుకు ఊరేగింపులో నడిచొస్తున్నప్పుడు, పిల్లలు పందిట్లో పరుగెడుతున్నప్పుడు ఈ తేడా తెలుస్తుంది. పది ఫొటోలు తీస్తే పాత కెమెరాలో ఎన్ని పనికొస్తాయో, కొత్తదాంట్లో ఎన్ని పనికొస్తాయో ఒక్క ఫంక్షన్‌తో లెక్క తేలిపోతుంది.

చీకట్లో సంగతి ఇంకో మెట్టు. తెల్లవారుజాము ముహూర్తం, దీపాల వెలుగు.. ఇలాంటి చోట కెమెరా ఎంత తక్కువ వెలుతురులో ఫోకస్ పట్టగలదన్నది ఈవీ లెక్కలో చెబుతారు. మార్క్ 2ది మైనస్ 0.5. మార్క్ 4ది మైనస్ 3. అంకె చిన్నగానే కనిపిస్తుంది కానీ ఒక్కో ఈవీకి వెలుతురు సగానికి సగం తగ్గుతుంది. అంటే మార్క్ 2 చేతులెత్తేసే వెలుతురులో ఐదారో వంతు ఉన్నా మార్క్ 4 ఫోకస్ పట్టగలదన్నమాట.

ఇక తలంబ్రాలు. మార్క్ 2 సెకనుకు 3.9 ఫొటోలు తీస్తుంది. మార్క్ 4 తీసేది 7. బియ్యం గాల్లో ఉండి, ఇద్దరి నవ్వూ పండి, కళ్లు మూసుకోని ఆ ఒక్క ఫ్రేమ్ దొరికే అవకాశం దాదాపు రెట్టింపు అవుతుంది. అలాగని బటన్ మీద వేలు తీయకుండా నొక్కితే మార్క్ 4 కూడా ఆగిపోతుంది. వేగమైన కార్డు వేసినా వరుసగా 21 రా ఫొటోలు, అంటే మూడు సెకన్లే. మార్క్ 2కైతే 14. కాబట్టి ఏదైనా సరే దోసిలి పైకి లేచాకే నొక్కాలి, ముందు కాదు.

తెల్ల మధుపర్కాలు.. నల్ల కోటు

డైనమిక్ రేంజ్ అనే మాట చాలాసార్లు వినే ఉంటారు. ఒకే ఫొటోలో బాగా వెలుగున్న చోటు, బాగా నీడ ఉన్న చోటు.. రెండింటినీ ఎంతవరకు నిలబెట్టగలదన్నదే అది. డీఎక్స్ఓ మార్క్ ల్యాబ్ కొలతల్లో మార్క్ 2కు 11.9 ఈవీ, మార్క్ 4కు 13.6 ఈవీ వచ్చాయి.

కాగితం మీది ఈ అంకెలు పందిట్లో ఎలా కనిపిస్తాయంటే.. ఆరుబయట పెళ్లి. మధుపర్కాలు తెల్లగా మెరుస్తున్నాయి. పందిరి కింద నీడలో బంధువులు. తెలుపు తేలిపోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీస్తాం. తర్వాత ఎడిటింగ్‌లో నీడలను పైకి లేపుతాం. మార్క్ 2 ఫైల్‌లో నీడలను ఎక్కువ లేపితే గీతలు గీతలుగా నాయిస్ బయటపడుతుంది. మామూలు గరుకు అయితే ఆల్బమ్‌లో కలిసిపోతుంది. ఈ గీతలు కలవవు. మార్క్ 4లో సెన్సర్ మీదే సిగ్నల్‌ను డిజిటల్‌గా మార్చే ఏర్పాటు ఉండటంతో ఆ గోల చాలావరకు తప్పింది.

ఐఎస్ఓ విషయంలో తేడా అంత దారుణంగా ఉండదు. మార్క్ 2 సాధారణ పరిధి 100 నుంచి 6400. మార్క్ 4ది 100 నుంచి 32000. గరిష్ఠ అంకె చూసి మోసపోవద్దు. 32000 దగ్గర తీసిన ఫొటోతో ఏ ఆల్బమ్ పేజీ అందంగా ఉండదు. పని చేసే పరిధిలో కొత్తది సుమారు ఒక స్టాప్ ముందుంటుంది. మార్క్ 2ను 3200 వరకు నిశ్చింతగా వాడొచ్చు. ఆ పైన ఫ్లాష్ పెట్టుకోవడమే మేలు.

ఫంక్షన్ హాల్ లైట్ల గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. పాతకాలం ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు దానికి తగ్గట్టు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియదు. కెమెరాకు తెలుస్తుంది. వేగంగా వరుస ఫొటోలు తీస్తే ఒకటి వెలుగ్గా, ఒకటి డల్‌గా, ఒకటి పసుపుగా వస్తుంది. మార్క్ 4లో యాంటీ ఫ్లికర్ ఆన్ చేస్తే లైట్ బాగా వెలిగే క్షణం చూసుకుని షట్టర్ తెరుచుకుంటుంది. మార్క్ 2లో ఆ సదుపాయం లేదు. షట్టర్ వేగాన్ని 100వ వంతు సెకను లేదా అంతకంటే నెమ్మదిగా పెట్టుకోవడమే దారి.

ఒక్క కార్డు.. ఒక్కటే పెళ్లి

స్టూడియో వాళ్లు మిగతా అంకెలన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకూడదు. మార్క్ 2లో మెమరీ కార్డు స్లాట్ ఒక్కటే. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పడుతుంది. మార్క్ 4లో రెండు. ఒకటి కాంపాక్ట్ ఫ్లాష్, ఇంకొకటి ఎస్‌డీ. సెట్టింగ్ మారిస్తే తీసిన ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడుతుంది.

కార్డు పాడవడం రోజూ జరిగేది కాదు. జరిగిన రోజున మాత్రం తిరిగి తెచ్చుకోలేనిది పోతుంది. ప్రొడక్ట్ ఫొటో అయితే మర్నాడు మళ్లీ తీయొచ్చు. పాస్‌పోర్ట్ ఫొటో అయితే మనిషిని మళ్లీ కూర్చోబెట్టొచ్చు. మాంగల్యధారణను మళ్లీ చేయమని ఎవర్ని అడుగుతాం? అడ్వాన్స్ తిరిగిచ్చేసినా ఆ ఇంటివాళ్ల బాధ తీరదు. చిన్న ఊళ్లో ఆ కబురు పాకితే వచ్చే సీజన్ ఆర్డర్ల మీదా దెబ్బే. అందుకే పెళ్లిళ్లకు మార్క్ 2 ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్లడం మంచిది కాదన్నది మా అభిప్రాయం. అదే గతి అయితే పెద్ద కార్డు ఒకటి కాకుండా చిన్న కార్డులు నాలుగైదు పెట్టుకుని ఘట్టానికొకటి మార్చండి. పోతే ఒక ముక్కే పోతుంది. రెండో మనిషి చేతిలో ఇంకో కెమెరా ఉంటే మరీ మంచిది.

మార్క్ 4 వాళ్లకూ ఓ హెచ్చరిక! రెండు కార్డుల్లో ఒకేసారి రాసే సదుపాయం ఫొటోలకే. వీడియో మాత్రం ఒక కార్డులోనే పడుతుంది. రెండు స్లాట్లు ఉన్నాయి కదా అని వీడియోకు కూడా కాపీ ఉందనుకుంటే ఇబ్బందే. ఎస్‌డీ స్లాట్ యూహెచ్ఎస్-1 రకం. మరీ చవక కార్డు పెడితే రెండింట్లో రాసేటప్పుడు కెమెరా మొత్తం దాని వేగానికి పడిపోతుంది.

వీడియోకు ఏది? ఇక్కడ లెక్క తారుమారు

వీడియోకు పేరు తెచ్చింది మార్క్ 2నే అయినా, వచ్చిన కొత్తలో దాని వీడియో చాలా మొరటు. సెకనుకు 30 ఫ్రేములు తప్ప ఇంకోటి లేదు. షట్టర్, ఎపర్చర్ కెమెరా ఇష్టమే. మన ట్యూబ్‌లైట్ల కింద తీస్తే వెలుగు అలలు అలలుగా ఊగేది. 2009 జూన్‌లో వచ్చిన అప్‌డేట్‌తో మాన్యువల్ కంట్రోల్ దక్కింది. 2010 మార్చిలో 24, 25 ఫ్రేములతో పాటు సౌండ్ లెవల్‌ను మనమే పెట్టుకునే సదుపాయం వచ్చింది. అందుకే సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మెనూలోకి వెళ్లి ఫర్మ్‌వేర్ వెర్షన్ చూడాలి. అప్‌డేట్ లేకపోతే చేసుకోవాలి. ఆ తర్వాత 25 ఫ్రేములు, షట్టర్ 50వ వంతు సెకను.. మన దేశంలో ఈ జోడీ పెట్టుకుంటే ఫ్లికర్ బాధ చాలావరకు ఉండదు.

కానీ అప్‌డేట్‌తో పోని జబ్బు ఇంకొకటుంది. సెన్సర్ మీది అన్ని వరుసలనూ చదవకుండా మధ్యమధ్యలో కొన్నింటిని వదిలేసి మార్క్ 2 వీడియో తయారు చేస్తుంది. దాంతో సన్నగళ్ల చొక్కా, దగ్గర దగ్గర నేత ఉన్న పట్టుచీర, దూరంగా పెంకుటింటి కప్పు.. వీటి మీద రంగురంగుల అలలు పాకుతాయి. దాన్నే మోయిరే అంటారు. ఎడిటింగ్‌లో తీసేయడం చాలా కష్టం. చీరలు అమ్మే యూట్యూబ్ చానెల్ పెట్టాలనుకునే వాళ్లు మార్క్ 2 జోలికి వెళ్లకపోవడమే మంచిది. చీర రంగే మారిపోయినట్టు కనిపిస్తే కొనేవాళ్లు ఊరుకోరు కదా!

ఫోకస్ సంగతి సరేసరి. రికార్డింగ్ నడుస్తుండగా మనిషి వెంట ఫోకస్ దానంతట అది మారడం మార్క్ 2లో లేదు. చేత్తో రింగ్ తిప్పాల్సిందే. షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకు అది పెద్ద సమస్య కాదు. ఎలాగూ చేత్తోనే తిప్పుతారు. ఒంటరిగా కెమెరా ముందు కూర్చుని మాట్లాడే వాళ్లకు మాత్రం అది నరకం.

మార్క్ 4లో ప్రతి పిక్సెల్‌నూ రెండుగా చీల్చి, ఆ రెండు సగాల్లో పడే బొమ్మల తేడాతో దూరం కనిపెట్టే పద్ధతి ఉంది. డ్యుయల్ పిక్సెల్ అంటే ఇదే. స్క్రీన్ మీద ముఖాన్ని తాకితే చాలు, మనిషి ముందుకొచ్చినా వెనక్కెళ్లినా ఫోకస్ మెత్తగా జరుగుతుంది. ఫ్రేమ్‌లో అడ్డంగా, నిలువుగా సుమారు 80 శాతం మేర ఇది పనిచేస్తుంది. కాకపోతే స్క్రీన్ తిరగదు. ముందు కూర్చున్న మనిషికి తాను ఎలా కనిపిస్తున్నాడో తెలియదు.

4కే ఉందిగా అంటారా? ఉంది. ఇక్కడే జాగ్రత్త. మార్క్ 4లో 4కే పెడితే సెన్సర్ మధ్య భాగాన్ని మాత్రమే వాడుకుంటుంది. 1.74 రెట్ల క్రాప్. అంటే 24 ఎంఎం వైడ్ లెన్స్ కాస్తా దాదాపు 42 ఎంఎంలా మారిపోతుంది. చిన్న గదిలో నలుగురినీ ఫ్రేమ్‌లో పెట్టాలంటే గోడలోకి వెళ్లి నిలబడాలి. ఏ ఫుల్ ఫ్రేమ్ లుక్ కోసం 5డీ కొన్నామో ఆ లుక్ సగం పోతుంది. పైగా మోషన్ జేపెగ్ అనే పాత పద్ధతిలో సెకనుకు దాదాపు 500 మెగాబిట్ల చొప్పున రాస్తుంది. 64 జీబీ కార్డు 17 నిమిషాల్లో నిండిపోతుంది. అదే కెమెరాలో ఫుల్ హెచ్‌డీ అయితే సెన్సర్ పూర్తి వెడల్పూ వాడుకోవచ్చు, సెకనుకు 60 ఫ్రేముల వరకు వెళ్లొచ్చు. బొమ్మ కాస్త మెత్తగా ఉంటుంది. కానీ ఫోన్‌లో చూసే వాళ్లకు అది చాలు.

వీడియో నిడివికీ హద్దుంది. మార్క్ 2లో ఫైల్ 4 జీబీకి చేరగానే రికార్డింగ్ ఆగిపోతుంది. 1080పీలో అది సుమారు 12 నిమిషాలు. ప్రసంగం మధ్యలో ఆగిపోయిందని తెలియకపోతే అంతే సంగతులు. మార్క్ 4లో ఒక్కో క్లిప్ 29 నిమిషాల 59 సెకన్ల వరకు వెళ్తుంది.

సౌండ్ విషయం ఒక్కటి. రెండింటికీ బయటి మైక్ పెట్టుకునే రంధ్రం ఉంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినే రంధ్రం మార్క్ 4కే ఉంది. అంటే ఇంటర్వ్యూలో కాలర్ మైక్ వైరు ఊడిపోయిందన్న సంగతి మార్క్ 2 వాడేవాళ్లకు ఇంటికెళ్లాకే తెలుస్తుంది. విడిగా ఓ వాయిస్ రికార్డర్ నడిపించడం అలవాటు చేసుకోవాలి.

మొత్తమ్మీద వీడియోనే ప్రధానమైన పని అయితే, ఈ రోజున రెండింటిలో ఏదీ కొనక్కర్లేదు. మార్క్ 4 మీద పెట్టే డబ్బుతో వీడియోకు అంతకంటే బాగా పనికొచ్చే మిర్రర్‌లెస్ కెమెరాలు దొరుకుతున్నాయి. ఫొటో ముఖ్యం, వీడియో అప్పుడప్పుడు అనుకునే వాళ్లకే మార్క్ 4.

చిన్నవే కానీ..

మార్క్ 4లో వైఫై ఉంది. ముహూర్తం ఫొటో ఒకటి ఫోన్‌లోకి తీసుకుని, అమెరికాలో ఉండి రాలేకపోయిన అన్నయ్యకు పందిట్లోంచే వాట్సాప్ చేయొచ్చు. మార్క్ 2లో అలా కుదరదు, కార్డు తీసి రీడర్‌లో పెట్టాలి. వ్యూఫైండర్ మార్క్ 2లో 98 శాతమే చూపిస్తుంది, మార్క్ 4లో వంద శాతం. మార్క్ 2 షట్టర్ చప్పుడు గట్టిగా ఉంటుంది, మార్క్ 4లో సైలెంట్ మోడ్ ఉంది. బ్యాటరీ ఒక్క చార్జింగ్‌తో మార్క్ 2కు 850, మార్క్ 4కు 900 ఫొటోలని కంపెనీ లెక్క. పాత ఎల్‌పీ-ఈ6 బ్యాటరీలు కొత్త దాంట్లోనూ పనిచేస్తాయి. కాబట్టి మార్క్ 2 నుంచి మార్క్ 4కు మారే వాళ్లు బ్యాటరీలు, లెన్సులు పారేయక్కర్లేదు.

మరి ఎవరు ఏది కొనాలి?

స్టూడియోలో లైట్లు పెట్టి పోర్ట్రెయిట్లు, పాస్‌పోర్ట్ ఫొటోలు, నగలు, వంటకాల ఫొటోలు తీసేవాళ్లకు మార్క్ 2 ఇప్పటికీ బ్రహ్మాండం. అక్కడ వెలుతురు మన చేతిలో ఉంటుంది. మనిషి కదలడు, వస్తువు అసలే కదలదు. మిగిలిన డబ్బు మంచి లెన్స్ మీద, రెండు లైట్ల మీద పెడితే వచ్చే ఫొటో.. కిట్ లెన్స్ తగిలించిన మార్క్ 4 కంటే బాగుంటుంది. ఫుల్ ఫ్రేమ్ అంటే ఏంటో నేర్చుకోవాలనుకునే విద్యార్థులకూ ఇదే.

పెళ్లిళ్లు, శుభకార్యాలు, స్టేజ్ ప్రోగ్రాములు, ఆటలు.. డబ్బు తీసుకుని చేసే పని అయితే మార్క్ 4. అప్పు చేయాల్సి వస్తుందనుకుంటే మధ్యేమార్గం ఉంది. 2012 మార్చిలో వచ్చిన మార్క్ 3లో కూడా 61 పాయింట్ల ఫోకస్, రెండు కార్డు స్లాట్లు, ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్నాయి. సెకనుకు 6 ఫొటోలు తీస్తుంది. వీడియోలో మోయిరే బాధ కూడా చాలావరకు తగ్గింది. నీడల్లో నాయిస్ మాత్రం మార్క్ 2 దారిలోనే ఉంటుంది. చిన్న స్టూడియోలు ముందు దీన్నే చూడాలి.

ఇంకో మాట. ఈ వరుసలో మార్క్ 5 రాలేదు. కెనాన్ దృష్టంతా మిర్రర్‌లెస్ ఆర్ సిరీస్ మీదకు మళ్లింది. అయితే ఈఎఫ్ లెన్సులను అడాప్టర్‌తో ఆ కొత్త కెమెరాలకూ తగిలించొచ్చు. అంటే బాడీ విలువ పడిపోతూ ఉంటుంది, లెన్స్ మీద పెట్టింది మాత్రం ఇంకా చాలాకాలం పనికొస్తుంది. బడ్జెట్ విడగొట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా? ఇవి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు

రెండు కెమెరాల షట్టర్‌కూ కంపెనీ చెప్పే ఆయుష్షు 1,50,000 క్లిక్‌లు. పెళ్లికి 3,000 చొప్పున తీసినా 50 పెళ్లిళ్లకే ఆ లెక్క నిండుతుంది. నిండగానే ఆగిపోతుందని కాదు, అక్కడి నుంచి ఎప్పుడైనా ఆగొచ్చు. ఎన్ని క్లిక్‌లు అయ్యాయో కెమెరా మెనూలో ఆ లెక్క కనిపించదు. యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, అందుకోసం ఉన్న సాఫ్ట్‌వేర్‌లో చూడాలి. 'తక్కువే వాడాను అన్నా' అనే మాటను నమ్మొద్దు. ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లండి.

కార్డు స్లాట్‌లోకి టార్చ్ వేసి చూడండి. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డుకు లోపల సన్నటి పిన్నులుంటాయి. ఎవరైనా కార్డును వంకరగా తోసి ఉంటే ఒక పిన్ను వంగిపోతుంది. మార్క్ 2లో ఉన్నది ఆ ఒక్క స్లాటే కాబట్టి పిన్ను వంగితే కెమెరా మూలన పడ్డట్టే. విడిభాగాలు దొరకడం కూడా పాతదానికి కష్టం. ఎఫ్ 16 దగ్గర ఆకాశాన్నో తెల్ల గోడనో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది మచ్చలు తెలుస్తాయి. మచ్చ ఉంటే భయపడక్కర్లేదు, శుభ్రం చేయించొచ్చు. గీత ఉంటే మాత్రం వదిలేయండి.

మార్క్ 4 అయితే రెండు స్లాట్లలోనూ కార్డులు పెట్టి, రెండింట్లోనూ ఫొటోలు పడుతున్నాయో లేదో అక్కడే చూసుకోండి. టచ్ స్క్రీన్ నాలుగు మూలలూ తాకి చూడండి. వైఫైని మీ ఫోన్‌కు కలపండి. పాత యజమాని బిల్లు మీద ఉన్న సీరియల్ నంబర్, కెమెరా అడుగున ఉన్న నంబర్ ఒకటేనా అన్నది చూశాకే బేరం మొదలుపెట్టండి.